మనిషి లేని గుమ్మటం

ఇంజను లేకుండా ఉత్త రెక్కల మీదే ఎగిరే విమానాలతో జర్మనీలో పోటీలు పెడుతున్నారని ఈమధ్య పత్రికలో చదివాను. విమానం ఎంత ఎత్తుకు వెళ్ళిందో దానంతటదే గీసే చిన్న పెట్టె ఒకటి లోపల బిగించి, దానికి లక్క సీలు వేస్తారట. మా వీధిలో చదువుకునే కుర్రవాళ్ళు అది విని అబ్బురపడ్డారు. అలాంటి సీళ్ళు నా పాతికేళ్ళ వయసులో నేను వేశానంటే నమ్మలేదు. వేసింది ఒకే ఒక్క పోటీకి. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీలో యంత్రాలతో పనిచేసే ఉద్యోగాల్లో చేరబోయేవాళ్ళు ఉంటే ఒక్క మాట ముందే తెలుసుకోండి: ఆ పెట్టె సరిగ్గానే పనిచేసింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

అప్పట్లో నేను కాకినాడ పోర్టు ఆఫీసులో వాతావరణం రైటరుని. పొద్దునా సాయంత్రం బారోమీటరు చూసి రాయడం, గాలి ఎటు వీస్తోందో గమనించడం, తుఫాను సూచన వస్తే జెండా స్తంభానికి నల్లటి బుట్ట ఎక్కించడం, ఇదీ పని. మా ఆఫీసు పెద్ద, మా దొర, ఒకప్పుడు ఓడ నడిపినవాడు. మనుషుల మాట తొందరగా నమ్మేవాడు కాదు గాని బారోమీటరు ముందు నిలబడితే మంచంలో ఉన్న రోగిని పలకరించినట్టు నెమ్మదిగా అద్దం మీద తట్టి, దాని జవాబు కోసం ఓపిగ్గా చూసేవాడు.

రాజమండ్రిలో గోదావరి మీద రైలు వంతెన కొత్తగా వచ్చిన రోజులవి. ఆ సంబరంలో ఒక జమీందారుగారికి ఆకాశయానం పోటీ పెట్టించాలని బుద్ధి పుట్టింది. గ్యాసు నింపిన పెద్ద పట్టు సంచి, దాని కింద మనిషి నిలబడే పేము బుట్ట. దొరలు దాన్ని బెలూను అనేవారు, ఊళ్ళో జనం గాలి గుమ్మటం అన్నారు. పోటీ ఇద్దరికి. ఒకడు లండను నుంచి ఊరూరా తిరుగుతూ వచ్చిన తెల్లవాడు, అతన్ని బెలూను దొర అందాం. రెండోవాడు మనవాడే. సర్కసులో ఉయ్యాలల మీద ఆడి, ఆ పని మానేసి, భార్యతో కలిసి సొంతంగా గుమ్మటం కుట్టుకున్నాడు. అందరూ అతన్ని ఉయ్యాలాయన అనేవారు. గుమ్మటానికి కావలసిన పట్టు జమీందారుగారు ఇప్పించారు. పోటీ నియమాలు తప్పితే గుమ్మటం తిరిగి జమీందారుగారిదే అవుతుందని ఒప్పందం.

నియమం ఏమిటంటే ఎత్తు. వేరే జిల్లాలో ఒక గుమ్మటం మరీ పైకి పోయి సముద్రం మీదికి కొట్టుకుపోయిందని విని కలెక్టరు కచేరీ వాళ్ళు భయపడ్డారు. ఎంత ఎత్తు వరకు క్షేమమో తేల్చమని మా దొరకి రాశారు. మేమిద్దరం చాలా రోజులు మేఘాల్ని చూస్తూ గడిపాం. మాఘమాసంలో కింద గాలి పొద్దున పూట నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా పోతుంది, మధ్యాహ్నమయ్యేసరికి తిరగబడి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఆ గాలిలో ఉన్న గుమ్మటం తీరం దాటదు, వెనక్కి వస్తుంది. దానికి పైన మరో గాలి ఉంది, అది సముద్రం వైపు పోతుంది. అందులో పడ్డవాడు తిరిగి రాడు. ఈ రెండు గాలుల మధ్య హద్దు మూడు వేల అడుగులని మా దొర తేల్చాడు. ఆ గీత దాటకుండా, దానికి వీలైనంత దగ్గరలో ఎవరు ఎక్కువసేపు నిలిస్తే వాళ్ళు గెలిచినట్టు.

నిలిచారో లేదో కింద నుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు కనుక పెట్టెలు తెప్పించారు. లోపల గాలి తీసేసిన రేకు డబ్బా ఒకటి ఉంటుంది. పైకి పోయిన కొద్దీ బయట గాలి పలచబడి ఆ డబ్బా ఉబ్బుతుంది, దానికి తగిలించిన సూది కదులుతుంది. గడియారంలా తిరిగే గొట్టానికి మసి పట్టించిన కాగితం చుట్టి ఉంటే దాని మీద సూది గీత గీస్తుంది. మసి పట్టించే పనిలో రాజమండ్రి టెలిగ్రాఫ్ మాస్టరు గారు నాకు సాయం వచ్చారు. భారీ మనిషి, ఏ పనిలోనైనా నవ్వు వెతుక్కునేవారు. మొదటి కాగితం మీద ఆయన బొటనవేలు పడింది. గొట్టానికి చుట్టి చూస్తే ఆ ముద్ర సరిగ్గా ఐదు వేల అడుగుల దగ్గర ఉంది. తన ఒంటికి అంత ఎత్తు యోగం ఉందని జాతకం రాసినాయన చెప్పనేలేదని ఆయన వాపోయారు. కాగితం మార్చాం.

ఉయ్యాలాయన భార్య సంగతి చెప్పాలి. చామనఛాయ, బక్క మనిషి, మాట తక్కువ. గుమ్మటంలో ప్రతి కుట్టూ ఆవిడదే. ఆవిడ కుడుతూ ఉంటే అతను ఇసుక సంచులకి ముడులు వేస్తూ పక్కనే కూర్చునేవాడు. పైకి వెళ్ళాక గుమ్మటం దిగిపోతుంటే ఇసుక కాస్త వదిలి మళ్ళీ పైకి లేపుకుంటారు, ఆ సంచులివి. అతనిది ఎడమచేతి వాటం. అతని ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి పడేది, మామూలు మనుషులు విప్పబోతే ఇంకా బిగుసుకునేది. గీతని ఒక్క వెంట్రుకవాసి దాటితే ఏమవుతుందని అతను నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు ఆవిడ సూది ఆపకుండానే, "దాటరండి, నాకు మాటిచ్చారు," అంది. అతను నవ్వి చేతిలో ముడి బిగించాడు.

మొదటి రోజు బెలూను దొర ఎగిరాడు. ఇసుక తిన్నెల మీద జనం కిటకిటలాడారు. అతను చక్కగా లేచి, చాలాసేపు ఉండి, పెద్దాపురం అవతల మినప చేలల్లో దిగాడు. సీలు విప్పి చూస్తే సూది ఒక చోట మూడు వేల అడుగుల గీతని తాకి కొంచెం పైకి పోయినట్టుంది. అది సూది మందం తప్ప ఎత్తు కాదని అతను వాదించాడు. రెండోవాడు కూడా ఎగిరాక చూద్దామని మా దొర ఊరుకున్నాడు.

రెండో రోజు నది మీద మంచు తెర కట్టింది. వంతెన స్తంభాలు నీళ్ళలో సగం దూరం వరకే కనిపిస్తున్నాయి. పెట్టెకి సీలు వేసి నేనే బుట్టలో బిగించాను. తాళ్ళు వదిలారు. గుమ్మటం మెల్లగా నది మీదికి జరుగుతూ లేచింది. జనం కేకలు పెడుతుంటే ఉయ్యాలాయనకి పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది, బుట్ట అంచు మీద కూర్చుని, మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడి రెండు చేతులూ జోడించాడు. సర్కసులో వేలసార్లు చేసిన పనే. మంచుకి పేము తడిసి ఉందని ఎవరూ అనుకోలేదు.

అతను పడటం చూశాం. చప్పుడు మాత్రం వినలేదు. మనిషి బరువు పోగానే గుమ్మటం ఎవరో పైనుంచి గుంజినట్టు ఒక్క ఊపున లేచి మంచులో కలిసిపోయింది.

పడవవాళ్ళు అతన్ని ఒడ్డుకి తెచ్చేసరికే ప్రాణం లేదు. మెడ విరిగింది. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని తడి జుట్టు నుదుటి మీద నుంచి తీసింది. ఏడుస్తుందని చూస్తున్నాం. ఆవిడ తలెత్తి నన్ను అడిగింది.

"గుమ్మటం ఎటు పోయిందండీ రైటరుగారూ?"

మంచులోకి పోయిందని, కనిపించడం లేదని చెప్పాను.

"వస్తుంది లెండి. గీత దాటదు."

దుఃఖంలో మతి చలించి అంటోందనుకున్నాను.

మా దొర కాగితం తీసి లెక్క వేశాడు. అంత బరువు పోయాక మూడు వేలు కాదు, ఎనిమిది పది వేల అడుగులు పోవాలి. అక్కడ పగలాలి, లేదా పై గాలిలో సముద్రం మీదికి పోవాలి. దొరకదని చెప్పాడు. టెలిగ్రాఫ్ మాస్టరు గారు తీరం వెంట ఉన్న కచేరీలన్నిటికీ కబురు కొట్టారు. సాయంత్రానికి కాకినాడ నుంచి జవాబు వచ్చింది. చదివి, ఆయన మొదటిసారిగా నవ్వకుండా నా చేతికిచ్చారు. గుమ్మటం ఉప్పాడ తీరంలో దిగింది. అందులోని మనిషి కోసం బెస్తవాళ్ళు సముద్రంలో వెతుకుతున్నారు.

మర్నాడు నేను రైల్లో కాకినాడ దిగి, జట్కా కట్టించుకుని ఉప్పాడ వెళ్ళాను. ఇసుక మీద ఊరంతా ఉంది. గుమ్మటం అలల కొసకి కొద్దిగా ఇవతల, గాలి పోయి చదునుగా పరుచుకుని ఉంది. ఎక్కడా చిరగలేదు. బుట్ట నిటారుగా కూర్చుని ఉంది. దూరంగా పడవలు వరసగా వలలు లాగుతున్నాయి. చేపల కోసం కాదు.

వాళ్ళ పెద్ద నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ వెతకడంలో నిద్ర లేనట్టుంది. అతను చెప్పినది ఇది. మధ్యాహ్నం దాటాక గుమ్మటం నేల వైపు నుంచి వచ్చి, కెరటాల మీద కొంత దూరం పోయి, సముద్రపు గాలి తగలగానే ఆగి వెనక్కి తిరిగింది. కిందికి దిగుతుంటే పిల్లలు దాని కిందికి పరిగెత్తారు. అప్పుడు బుట్టలో మనిషి లేచి నిలబడి, పక్కకి తప్పుకోమని చెయ్యి ఊపాడు. పిల్లలు తప్పుకున్నారు. బుట్ట ఇసుక మీద ఆనింది. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు.

"చివర్లో సముద్రంలోకి దూకేశాడేమో అనుకున్నామండి. ఈత వస్తే ఏదో ఒక పక్క తేలతాడు కదా అని రాత్రంతా వెతికాం. ఏ చేత్తో ఊపాడో కూడా చెప్పగలనండి. ఎడం చెయ్యి."

ఆ మనిషి గుమ్మటం ఇక్కడికి రాకముందే, నిన్న పొద్దున్నే రాజమండ్రిలో పోయాడని, నా కళ్ళతో చూశానని వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. ఉద్యోగంలో తుఫాను వార్తలు చాలాసార్లు చెప్పాను, ఎప్పుడూ అంత కష్టం కాలేదు. పెద్ద కొంతసేపు నా మొహంలోకి చూశాడు. నేను అబద్ధం ఆడటం లేదని తెలిశాక తువ్వాలు ఊపి పడవల్ని వెనక్కి పిలిచాడు. పడవలు ఒడ్డుకి లాగి, ఆడా మగా అందరూ చావుకి వెళ్ళొచ్చినవాళ్ళలా తలస్నానాలు చేసి ఇళ్ళలోకి వెళ్ళారు. తీరం మీద నేనూ జట్కావాడూ మిగిలాం.

బుట్టలో ఇసుక సంచులు చూశాను. కొన్ని సగానికి ఖాళీ అయ్యాయి. కారిపోయినవి కావు. మూతి విప్పి, ఇసుక వదిలి, మళ్ళీ ముడి వేసి ఉన్నాయి. ముడి ఎదురు తిరిగి పడింది. విప్పబోతే బిగుసుకుంది. పెట్టె మీద నా సీలు చెక్కు చెదరలేదు.

రాజమండ్రిలో అందరి ఎదుటా సీలు విప్పాం. మసి కాగితం మీద సూది నిటారుగా లేచి, గీత దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించింది. గీతకి కింద సన్నని సందు వదిలి, దానికి సమంగా చాలా దూరం పోయింది. మధ్యలో కాస్త దిగినప్పుడల్లా మళ్ళీ మెల్లగా పైకి సర్దుకుంది. తర్వాత నునుపుగా నేల వరకు దిగింది. అంత నేర్పుగా నడిపినవాడి గీతని నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు, పత్రికల్లో అచ్చు వేసినవాటిలో కూడా.

బెలూను దొర ఒప్పుకోలేదు. బరువు పోయిన గుమ్మటం అక్కడ ఆగడం అసంభవమన్నాడు. పెట్టెలో సూది గీత దగ్గర ఇరుక్కుపోయిందని, ఆ పెట్టెల్నే నమ్మలేం కనుక హద్దు దాటిన తన గీత కూడా చెల్లదని అన్నాడు. జమీందారుగారి దివాను మరో అడుగు ముందుకు వేశాడు. పెట్టె తప్పయితే గుమ్మటం హద్దు దాటే ఉంటుంది, దాటితే ఒప్పందం ప్రకారం అది జమీందారుగారిది. ఆవిడ గోడ పక్కన కూర్చుని వింటోంది. మొగుడు పోయాక ఆవిడకి మిగిలింది ఆ గుమ్మటమే. మా దొర ఒక్క మాటలో తేల్చాడు: పెట్టెని పరీక్షిద్దాం.

రాజమండ్రి కాలేజీలో గాలి తోడే పంపు ఉండేది. బల్ల మీద పెట్టెని ఉంచి, పైన గాజు గంట బోర్లించి, లోపలి గాలిని కొద్దికొద్దిగా తోడేస్తే పెట్టెకి తను ఆకాశంలోకి పోతున్నట్టే ఉంటుంది. కాలేజీ మాస్టరు గారు పంపు పట్టుకున్నారు. పక్కన పాదరసం గొట్టం. మా దొర అందులో చూసి ఎత్తు చదువుతున్నాడు, నేను సూదిని చూస్తున్నాను. వెయ్యి. రెండు వేలు. ప్రతిసారీ రెండూ కలిశాయి. ఆవిడ ఇక్కడ కూడా గోడ పక్కనే కూర్చుని ఉంది. మూడు వేలు దగ్గర పడ్డాయి. సూది అక్కడ ఆగాలని మనసులో కోరుకున్నాను. ఆగితే ఆవిడకి నష్టం, నిజమే. కాని ఆగితే మసి కాగితం మీది ఆ గీతకి అర్థం ఉంటుంది, నేను ఆ రాత్రి నిద్రపోగలను.

సూది ఆగలేదు. గీతని దాటి, తడబాటు లేకుండా నాలుగు వేలు, ఐదు వేలు, పంపుకి ఓపిక ఉన్నంత వరకు పోయింది. బెలూను దొర తానే పంపు పడతానన్నాడు. పట్టాడు. మళ్ళీ అంతే. మూడోసారి కొట్టబోయి చెయ్యి తీసేశాడు. గాజులో సూదిని కాకుండా గోడ పక్కన ఆవిడని చూశాడు. ఆ మర్నాడు తన పోటీ సంగతి కూడా అడక్కుండా సామాను సర్దుకుని బండెక్కాడు.

గుమ్మటం ఆగడానికి మా దొర తర్వాత నాకొక కారణం చెప్పాడు. మనిషి జారినప్పుడు కాలు తగిలి, గుమ్మటం పైన గ్యాసు మూతని తెరిచే తాడు లాగి ఉండవచ్చు, కొంత గ్యాసు పోయి ఉండవచ్చు, సరిగ్గా అతని బరువుకి సరిపడేంత. సంచుల సంగతి అడిగాను. బెస్తవాళ్ళు ముట్టుకుని ఉంటారన్నాడు. ఆ ముడులు చూపించాను. చాలాసేపు విప్పబోయి, వదిలేశాడు. కచేరీకి రాసిన తీర్పులో మాత్రం ఆ గ్యాసు ఊసే లేదు. పెట్టె సరైనది, గుమ్మటం హద్దు దాటలేదు, కారణం తెలియదు అని రాశాడు. అంతకాలం ఆయన దగ్గర పనిచేశాను, కారణం తెలియదు అన్న మాట ఆయన రాయగా ఇంకెప్పుడూ చూడలేదు. గుమ్మటం ఆవిడకి దక్కింది. గెలుపు కూడా ఉయ్యాలాయన పేరునే ప్రకటించారు.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ మా దొరకి కబురు పంపింది. తను ఎగురుతానంది. టెలిగ్రాఫ్ మాస్టరు గారు వద్దని నచ్చజెప్పబోయారు. ఆవిడ, "నాకు తెలిసిన పని ఇదొక్కటేనండి," అంది.

ఆ పొద్దు ఆకాశం తేటగా ఉంది. గ్యాసు నిండుగా పట్టించారు. ఆవిడ అతనిలో సగం బరువుంటుంది, ఆ తేడాకి ఇసుక సంచులు ఎక్కువ వేశాం. నేను పెట్టె బిగించి దిగేసరికి గుమ్మటం తాళ్ళని గట్టిగా గుంజుతోంది, పట్టుకున్నవాళ్ళ కాళ్ళు ఇసుకలో దిగబడుతున్నాయి. ఆవిడ బుట్టలోకి ఎక్కింది. వదలమన్నారు, తాళ్ళు వదిలారు.

గుమ్మటం లేవలేదు. అక్కడే కూర్చుంది.

గ్యాసు చాలలేదేమో అన్నారు. ఆవిడ దిగింది. దిగీ దిగగానే గుమ్మటం తాళ్ళతో సహా పైకి లేవబోయింది, మనుషులు పరిగెత్తి పట్టుకోవలసి వచ్చింది. ఆవిడ ఎక్కింది. మళ్ళీ కూర్చుంది. సగం బరువున్న మనిషికి అంత తేడా రాకూడదు. మా దొర నా వైపు చూశాడు. లెక్క వేయమని చెబుతాడనుకున్నాను, చెప్పలేదు.

"ఇసుక తీసెయ్యండి," అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది.

ఒక్కొక్క సంచీ దింపుతూ పోయాం. కొత్తగా వేసినవన్నీ దింపినా కదల్లేదు. పాతవి కూడా దింపాక, ఒడ్డున నా మోకాళ్ళ ఎత్తు గుట్ట అయ్యాక, బుట్ట అడుగు ఇసుక వదిలింది. అది నేల మీద నుంచి జానెడు లేచినప్పుడు నేను చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాను. ఆవిడ మధ్యలో నిలబడి ఉన్నది కాస్తా, ఇరుకు బల్ల మీద పక్కవాళ్ళకి చోటిచ్చినట్టు ఒక మూలకి జరిగింది. వేలాడే బుట్టలో ఒక్క మనిషి ఒక మూలన నిలబడితే బుట్ట అటు ఒరగాలి.

ఒరగలేదు. తిన్నగా లేచి పోయింది.